వైపర్ రబ్బరు మారిస్తే చాలా, బ్లేడు మొత్తం మార్చాలా: ఏ బండికి ఏది సరి

వైపర్ గీతలు పెడుతుంటే బ్లేడు అరిగిపోయిందనుకుని కొత్తది కొనేస్తాం. చాలాసార్లు అది సరైన నిర్ణయమే. కానీ కొత్తది వేసిన వారానికే మళ్లీ అదే మసక, అదే కటకట మొదలైతే లోపం బ్లేడులో లేదు; అద్దం మీదో, బ్లేడును పట్టుకుని తిప్పే కడ్డీలో, అంటే ఆర్మ్‌లోనో ఉంది. ఎంత మంచి బ్లేడు కొన్నా ఆ రెండూ బాగుపడవు. అందుకే ఏది కొనాలా అని ఆలోచించే ముందు ఏది పాడైందో తేల్చుకోవాలి.

గీతను బట్టి లోపం

అద్దాన్ని బాగా తడిపి వైపర్‌ను నెమ్మది స్పీడులో నాలుగైదు సార్లు తిప్పండి. డ్రైవరు సీట్లో కూర్చుని, వైపర్ దాటాక అద్దం మీద ఏం మిగులుతోందో చూడండి.

సన్నటి గీత ప్రతిసారీ ఒకే చోట పడుతోందంటే రబ్బరు అంచులో అక్కడ గాటు పడింది, లేదా ఇసుక రేణువు ఇరుక్కుంది. తడిబట్టతో అంచు తుడిచి మళ్లీ తిప్పండి. గీత పోయిందా, అది ఇసుక. పోలేదా, గాటు; రబ్బరు మార్చాల్సిందే. గీతలా కాకుండా పట్టీలాగా వెడల్పుగా నీళ్లు మిగిలిపోతుంటే అంచు బాగానే ఉండొచ్చు, ఆ భాగం అద్దానికి ఆనడం లేదు. రబ్బరును పట్టుకునే చట్రం, అంటే ఫ్రేమ్ వంగి ఉంటుంది, లేదా బ్లేడు వంపు అద్దం వంపుతో కలవలేదు, లేదా ఆర్మ్ స్ప్రింగ్ బలం తగ్గింది. వైపర్ దాటగానే పల్చటి పొర కనపడి రెండు మూడు సెకన్లలో ఆరిపోతుంటే అది అద్దం మీది జిడ్డు. దీనికి కొత్త బ్లేడు మందు కాదు.

కటకటమని ఎగిరెగిరి పడడం వేరే సంగతి. రబ్బరు అంచు అద్దం మీద నిటారుగా నిలబడి గీకదు. పోయే దిక్కుకు వెనక్కి వాలి ఈడ్చుకుంటూ పోతుంది. చివరి దాకా వెళ్లి తిరిగొచ్చేటప్పుడు రెండో వైపుకి వాలుతుంది. ఈ వాలడం సాఫీగా జరిగినంతసేపు వైపర్ చప్పుడు చేయదు. రబ్బరు గట్టిపడినా, ఎండలో ఒకే వైపుకి ఒదిగి అలాగే బిగుసుకుపోయినా, ఒక దిక్కున వెళ్లేటప్పుడు మాత్రం అంచు ముందుకు పొడుచుకుని గీకుతుంది. కటకట ఒక దిక్కునే వస్తుంటే అనుమానం రబ్బరు మీద, లేదా మెలిపడిన ఆర్మ్ మీద. రెండు దిక్కులా వస్తుంటే అద్దం మీద మైనమో, పాలిషో, నూనె పొరో పేరుకుంది.

రబ్బరును చేత్తో కూడా చూడాలి. ఆర్మ్ ఎత్తి అంచును వేళ్ల మధ్య పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివర దాకా నెమ్మదిగా లాగండి. బాగున్న రబ్బరు మెత్తగా అటూ ఇటూ వాలుతుంది, అంచు చక్కగా కోసినట్టు పదునుగా తగులుతుంది. అరిగినది గుండ్రంగా తగులుతుంది. వేలికి పళ్లలాగా తగిలితే, వంచినప్పుడు అంచు పైనుండే సన్నటి మెడ దగ్గర పగుళ్లు కనిపిస్తే దానికి కాలం చెల్లింది. రబ్బరు చెడడానికి బండి తిరిగిన దూరం కంటే ఎండ, గాలిలోని ఓజోన్ ఎక్కువ కారణం. ఎండలో నిలబెట్టే బండి తక్కువే తిరిగినా 6 నెలల నుంచి ఏడాదిలోపు రబ్బరు అడుగుతుంది.

కడగడం కూడా ఒక ఎంపికే

షాంపూతో కడిగిన అద్దం శుభ్రంగా ఉందనుకుంటాం. రోడ్డు మీది నూనె ఆవిరి, కార్ వాష్‌లో వాడే మైనం, చెట్ల బంక మాత్రం అద్దాన్ని అంటుకునే ఉంటాయి. బాగా కడిగి ఆరబెట్టాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన మైక్రోఫైబర్ బట్టతో, బట్ట మడత మారుస్తూ, అద్దం మొత్తం తుడవండి. తర్వాత వేళ్లతో రాసి చూస్తే నున్నగా జారాలి. ఇంకా గరుగ్గా తగిలితే క్లే బార్‌తో (అంటుకున్న మురికిని లాగేసే మెత్తటి బంకముద్ద), దానికీ లొంగకపోతే అద్దం పాలిష్‌తో రుద్దాలి. వైపర్ ఆగే చోట, అద్దం కింది అంచున, మురికి అన్నిటికంటే ఎక్కువ పేరుకుంటుంది. చాలామంది అక్కడ తుడవరు. అక్కడి ఇసుకే మొదటి ఊపులో అద్దం పైదాకా పాకి కొత్త రబ్బరును కోస్తుంది.

రబ్బరుకి తడిబట్ట చాలు. బట్ట నల్లబడడం తగ్గేదాకా తుడిచి ఆపేయండి. పెట్రోలు, థిన్నర్, కిరోసిన్ దరిచేరనివ్వకండి, రబ్బరు ఉబ్బి పాడవుతుంది. గ్రాఫైట్ పూత ఉన్న రబ్బరైతే నల్లదనం అసలు పోదు. గట్టిగా రుద్దితే పోయేది ఆ పూతే, కీచుమనే శబ్దం ఆ తర్వాతే మొదలవుతుంది.

ఇంత చేశాక వైపర్ బాగా తుడుస్తుంటే ఏమీ కొనక్కర్లేదు.

రబ్బరు మాత్రమే మార్చడం

ఫ్రేమ్ గట్టిగా ఉండి రబ్బరు మాత్రమే పోయిందనుకోండి, రీఫిల్ రబ్బరు అన్నిటికంటే చవక, చెత్త కూడా తక్కువ. బండితో పాటు వచ్చిన ఫ్రేమ్ ఆ అద్దం వంపుకి కొలిచి చేసింది కాబట్టి దాన్ని పారేసి సాధారణ బ్లేడు వేయడం కంటే అందులో కొత్త రబ్బరు వేయడమే మేలైన సందర్భాలు చాలా ఉన్నాయి. ఫ్రేమ్‌ను మాత్రం నమ్మే ముందు పరీక్షించాలి. రెండు చేతులా పట్టుకుని మెల్లగా మెలిపెట్టండి. కీళ్ల దగ్గర కొద్దిగా ఆడడం సహజమే, ఎందుకంటే అవి ఆడితేనే రబ్బరు అద్దం వంపుని అనుసరిస్తుంది. పక్కలకు వదులుగా గిలకకొట్టినా, తుప్పు పట్టి కదలకపోయినా రీఫిల్ దండగ.

రీఫిల్‌లో కొలవాల్సినవి రెండు: పొడవు, వెడల్పు. రబ్బరు వీపు వెడల్పు ఎక్కువగా 6 మి.మీ. లేదా 8 మి.మీ. దగ్గర ఉంటుంది. ఫ్రేమ్ పంజాలు, అంటే రబ్బరును రెండు వైపులా పట్టుకునే లోహపు గోళ్లు, 6కి చేసినవైతే 8 దూరదు. 8కి చేసిన పంజాలో 6 దూరుతుంది, కానీ వదులుగా ఊగి కొన్నాళ్లకు జారిపోతుంది. పొడవు ఎక్కువైతే కత్తిరించుకోవచ్చు. కత్తిరించేది లాక్ (రబ్బరును పంజాలో నిలిపే బొడిపె) లేని చివరనే.

పాత రబ్బరు ఒక చివర గట్టి బొడిపె ఉంటుంది, చివరి పంజా దానిలో కూర్చుంటుంది. ఆ చివర పట్టుకుని గట్టిగా లాగితే బొడిపె పంజా దాటి రబ్బరు మొత్తం జారి బయటికి వస్తుంది. తీసే ముందు లాక్ చివర ఆర్మ్ మొదలు వైపు ఉందా, కొన వైపు ఉందా అని ఫోన్‌లో ఫోటో తీసుకోండి. రబ్బరు వీపుకి రెండు వైపులా గాడుల్లో రెండు సన్నటి స్టీలు పట్టీలు ఉంటాయి. కొత్త రబ్బరుతో పట్టీలు రాకపోతే ఇవే ఎక్కించాలి. తప్పు జరిగేది ఇక్కడే. పట్టీలకు కొద్దిగా వంపు ఉంటుంది. రెండింటి వంపూ ఒకే వైపుకి ఉండాలి, బ్లేడు చివరలు అద్దం వైపుకి వంగేలా ఉండాలి. ఒకటి తిరగేసి పెడితే బ్లేడు మధ్యలో గాని చివర గాని లేచిపోతుంది. పట్టీల మీది చిన్న గాట్లు కూడా పాతదాంట్లో ఎటు ఉన్నాయో అటే ఉండి, రబ్బరు మీది బుడిపెల్లో కూర్చోవాలి.

ఎక్కించేటప్పుడు లాక్ లేని చివరను ముందు దూర్చి, ఒక్కో పంజాలోంచి దాటిస్తూ పోవాలి. రబ్బరు బిగుసుకుంటే నీళ్లతో తడిపితే చాలు, నూనె వద్దు. చివరికి బొడిపె టక్కుమని కూర్చోవాలి. అయ్యాక పంజాలను ఒక్కొక్కటిగా వేలితో లెక్కపెట్టుకోండి. ఒక్క పంజా తప్పినా రబ్బరు నడివానలో పక్కకు జారుతుంది, ఆ పంజా లోహపు మొన అద్దాన్ని గీకుతుంది. ఆ గీత పాలిష్‌తో పోయేది కాదు.

బ్లేడు మొత్తం మార్చేటట్టయితే

మూడు రకాలు దొరుకుతాయి. బ్రాండు కంటే ముందు ఈ మూడింటి తేడా చూడాలి.

ఫ్రేమ్ బ్లేడు పాతకాలపు రకం. వంతెనలాంటి లోహపు చట్రం, దాని కింద చిన్న చట్రాలు, వాటి పంజాల్లో రబ్బరు. ఒత్తిడి ఈ పంజాల దగ్గర రబ్బరుకి చేరుతుంది. కీళ్లు కదులుతాయి కాబట్టి ఎలాంటి వంపుకైనా సర్దుకుంటుంది, అందుకే ఏ అద్దమైనా కాదనదు. రీఫిల్ వేసుకోవచ్చు. లోపం ఏమిటంటే, కీళ్లలో దుమ్ము, మంచు చేరితే బిగుసుకుపోతుంది. వేగంగా పోతుంటే ఎదురుగాలి దీన్ని అద్దం మీది నుంచి ఎత్తడానికి చూస్తుంది.

ఫ్లాట్ బ్లేడుకి చట్రం ఉండదు. రబ్బరు వెనకాల ముందే వంచిన స్ప్రింగ్ స్టీలు పట్టీ ఉంటుంది. ఆర్మ్ నొక్కగానే ఆ వంపు విచ్చుకుని ఒత్తిడి పొడవంతా సమంగా పడుతుంది. కీళ్లు లేవు కాబట్టి మంచు పట్టే చోటు తక్కువ, పైనున్న వాలు అంచు ఎదురుగాలిని బ్లేడును కిందికి నొక్కే పనికి వాడుకుంటుంది. రహదారి మీద వేగంగా తిరిగే బండికి ఇదే మా మొదటి మాట. అయితే దీని బలం అంతా ఆ స్టీలు వంపులోనే ఉంది. బండి మోడల్‌కి కొలిచి చేసిన ఫ్లాట్ బ్లేడుకీ, అన్ని బండ్లకీ సరిపోతుందని అమ్మే ఫ్లాట్ బ్లేడుకీ తేడా అక్కడే తెలుస్తుంది. అద్దం బాగా వంపు తిరిగి ఉంటే, బ్లేడు వంపు దానికంటే తక్కువైతే, రెండు కొనలూ గాల్లో తేలతాయి. కొనే ముందు చూసుకోవడం తేలికే. బ్లేడును నొక్కకుండా అద్దం మీద, అది పనిచేసే చోట పెట్టండి. కొనలు ఆని, మధ్యభాగం కొద్దిగా పైకి లేచి ఉండాలి. మధ్య ఆని కొనలు లేచి ఉంటే ఆ బ్లేడు మీ అద్దానికి కాదు.

హైబ్రిడ్ బ్లేడులో లోపల ఫ్రేమ్, పైన ప్లాస్టిక్ కవచం. వంపుకి సర్దుకునే గుణం ఫ్రేమ్ నుంచి, గాలికి లేవని గుణం కవచం నుంచి వస్తాయి. బండి అలాంటి బ్లేడుతోనే వచ్చి ఉంటే అదే వేయండి. వంపు అద్దానికి ఫ్లాట్ కుదరనివారికీ ఇది మంచిది. కాస్త ఎత్తుగా ఉంటుంది కనుక వైపర్ ఆర్మ్ బానెట్ అంచు కింద దాక్కునే బండ్లలో తగులుతుందేమో చూసుకోవాలి.

రబ్బరా, సిలికానా?

రబ్బరు అంచు మెత్తగా తుడుస్తుంది, చిరుగుడు తట్టుకుంటుంది, ఎండకు మాత్రం త్వరగా గట్టిపడుతుంది. సిలికాన్ ఎండకీ ఓజోన్‌కీ లొంగదు, కాబట్టి ఎక్కువ కాలం వస్తుంది. తుడుస్తూ అద్దం మీద పల్చటి పొర వదులుతుంది, దానివల్ల నీళ్లు పూసల్లా జారిపోతాయి. ఇంత మంచిదైతే అందరూ ఎందుకు వేయరంటే, జిడ్డు అద్దం మీద అది కటకటలాడుతుంది, ఇసుక కింద రబ్బరు కంటే త్వరగా చిరుగుతుంది. బండి రోజంతా ఎండలో నిలబడుతుంది, అద్దాన్ని పైన చెప్పినట్టు ఆల్కహాల్‌తో తుడిచే ఓపిక ఉంది అంటే సిలికాన్ తీసుకోండి. మట్టిదారుల్లో తిరిగే బండికి, దుమ్ము మీదే వైపర్ వేసే అలవాటు ఉన్నవారికి మామూలు రబ్బరే నయం, ఏడాదికోసారి మార్చుకోవచ్చు. సిలికాన్ నుంచి మళ్లీ రబ్బరుకి మారేవాళ్లు అద్దం మీది పాత పొర పూర్తిగా తీయాలి, లేకపోతే కొత్త రబ్బరు మసక పెడుతుంది.

రెండు జతలు కొని ఒకటి దాచుకోవడం వద్దు. పెట్టెలో ఉన్నా రబ్బరుకి వయసు పెరుగుతూనే ఉంటుంది.

పొడవు, కొక్కెం

కొలవాల్సింది ఆర్మ్‌ను కాదు, రబ్బరును, ఈ కొన నుంచి ఆ కొన దాకా. 14 అంగుళాలంటే 350 మి.మీ., 16 అంటే 400, 18 అంటే 450, 20 అంటే 500, 22 అంటే 550, 24 అంటే 600, 26 అంటే 650. డ్రైవరు వైపు, పక్క సీటు వైపు కొలతలు చాలా బండ్లలో వేరు. రెండూ విడివిడిగా కొలవండి, బండి పుస్తకంలోని కొలతతో సరిచూసుకోండి.

ఇంకాస్త చోటు తుడుస్తుందని అంగుళం పెద్దది వేసేవాళ్లున్నారు. ఆర్మ్ స్ప్రింగ్ బలం మారదు కదా, అదే ఒత్తిడి ఎక్కువ పొడవుకి పంచుకోవాలి, మోటారు మీద బరువు పెరుగుతుంది. కొన అద్దం పక్క స్తంభానికి కొట్టుకోవచ్చు, రెండు బ్లేడులూ ఒకదానికొకటి తగలొచ్చు. ఉన్న కొలతే వేయండి. సరిగ్గా అదే దొరకనప్పుడు అంగుళం చిన్నది వేయడం పెద్దది వేయడం కంటే క్షేమం.

ఆర్మ్ చివర బ్లేడు పట్టుకునే తీరు కొలత కంటే ముఖ్యం. ఎక్కువ బండ్లలో గొడుగు కర్రలాగా వంగిన కొక్కెం ఉంటుంది, వెడల్పు 9 మి.మీ., మందం 3 లేదా 4 మి.మీ. మరికొన్నిటిలో ఆర్మ్ చదునుగా వచ్చి పైన బటన్ నొక్కితే ఊడుతుంది. అందులో ఆర్మ్ వెడల్పు 16, 19, 22 మి.మీ. ఇలా రకాలున్నాయి, స్కేలు పెట్టి కొలవాల్సిందే. రెండు పక్కలా చెవులు నొక్కితే ఊడేవి, పక్కనుంచి పిన్ను దూరేవి కూడా ఉన్నాయి. పెట్టెలో నాలుగైదు అడాప్టర్లు వస్తాయి. మీ ఆర్మ్ బొమ్మ పెట్టె మీద లేకపోతే ఆ బ్లేడు కొనకండి. దగ్గరగా ఉన్న అడాప్టర్‌తో సర్దుకుంటే ప్రతి మలుపు దగ్గర టక్, టక్ అని కొట్టుకుంటుంది, కొన్నాళ్లకు లాక్ విరుగుతుంది. వాషర్ నీళ్లు బ్లేడులోంచి చిమ్మే బండ్లకు ఆ మోడల్ బ్లేడే కావాలి, సాధారణ రకాలు పనికిరావు.

బిగించడం

ఇంజను ఆపి, వాన పడితే వైపర్ దానంతటదే తిరిగే ఏర్పాటు ఉంటే అది కూడా ఆపేయండి. ఆర్మ్‌లు బానెట్ కింద దాక్కునే బండ్లలో వాటిని నిలువుగా ఆపే సర్వీస్ పొజిషన్ ఉంటుంది. అది బండి బండికీ వేరు, పుస్తకం చూసి చేయండి. బలవంతంగా ఎత్తితే బానెట్ రంగు లేచిపోతుంది.

అద్దం మీద మందపాటి తువ్వాలు మడిచి పరవండి. ఇది చాదస్తం కాదు. బ్లేడు తీసేశాక ఆర్మ్ అంటే స్ప్రింగ్ తగిలించిన ఇనప కడ్డీ, చేయి జారితే నేరుగా అద్దం మీద కొడుతుంది, ఆ ఒక్క దెబ్బకి అద్దం పగలొచ్చు. ఒక వైపు పూర్తి చేశాకే రెండోది ముట్టుకోండి. రెండు ఆర్మ్‌లు ఒకదానిపై ఒకటి ఆనేచోట పైనున్నది ముందు ఎత్తాలి, దించేటప్పుడు అది చివర.

కొక్కెం రకమైతే బ్లేడును ఆర్మ్‌కి అడ్డంగా తిప్పి, కొక్కెం లోపలి వంపు దగ్గర చిన్న లాక్ నొక్కి పట్టుకుని, బ్లేడును ఆర్మ్ మొదలు వైపుకి కిందికి లాగండి. కొక్కెం ఖాళీ అవుతుంది, అప్పుడు బ్లేడును పక్కకు తప్పించి తీయాలి. పైకి లాగితే ఎన్నటికీ రాదు. చాలామంది అక్కడే బలం చూపించి ప్లాస్టిక్ విరగ్గొడతారు. ఆర్మ్‌ను తువ్వాలు మీద మెల్లగా పడుకోబెట్టండి. కొత్త బ్లేడు కొక్కెంలోకి దూర్చి ఆర్మ్ కొన వైపుకి లాగితే టక్‌మని చప్పుడు రావాలి. రాకపోతే కూర్చోలేదన్నమాట. పైన మూత ఉంటే అది కూడా మూయండి. తర్వాత బ్లేడును కిందికి లాగి చూడండి, ఊడకూడదు.

కొత్త బ్లేడు రబ్బరు మీద సన్నటి ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. అది తీయడం మర్చిపోయి, కొత్తది తుడవడం లేదని తిరిగి ఇచ్చేవాళ్లూ ఉంటారు. ఫ్లాట్ బ్లేడు వాలు అంచుని కూడా చూసుకోండి: పల్చగా వాలిన వైపు బండి ముందుకు, గాలికి ఎదురుగా ఉండాలి. తిరగేస్తే వేగంలో గాలే దాన్ని ఎత్తేస్తుంది.

ఆర్మ్‌ను చేత్తో పట్టుకుని దించాక అద్దం తడిపి ఒక్కసారి నెమ్మదిగా తిప్పి, కొనలు ఎక్కడైనా తగులుతున్నాయేమో చూడండి. పొడి అద్దం మీద పరీక్షించకండి. సిలికాన్ బ్లేడు తయారీదారు ముందు పొడిగా తిప్పమని పెట్టె మీద రాసి ఉంటే అది వేరు.

ఇంత చేసినా ఒక దిక్కున కటకట ఉంటే ఆర్మ్ మెలి చూడాలి. వైపర్‌ను అద్దం సగంలో ఆపి, కొన వైపు నుంచి వంగి చూడండి. రబ్బరు మెడ అద్దానికి నిలువుగా, 90 డిగ్రీల్లో కనపడాలి. ఒక వైపుకి ఒరిగి ఉంటే ఆర్మ్‌కి బట్ట చుట్టి, రెండు రెంచీలతో పట్టుకుని కొద్దికొద్దిగా మెలితిప్పాలి, ప్రతిసారీ దించి చూసుకుంటూ. ఈ పని అద్దానికి దూరంగా, ఆర్మ్ ఎత్తి ఉన్నప్పుడే. స్ప్రింగ్ బలహీనమైందనిపిస్తే దాన్ని వంచి బాగుచేయాలని చూడకండి, ఆర్మ్ మార్చండి.

వెనకద్దం వైపర్‌కి ఈ ఎంపికలేవీ పెద్దగా ఉండవు. అది చిన్నది, ఎక్కువగా 10 నుంచి 16 అంగుళాల లోపు, దాని పట్టు ఆ మోడల్‌కే ప్రత్యేకం. అసలు భాగమే కొనండి. చాలావాటిలో బ్లేడును ఆర్మ్‌కి ఎదురుగా తిప్పుతూ పోతే ఒకచోట టప్‌మని ఊడుతుంది. ప్లాస్టిక్ ఎండకు పెళుసుబారి ఉంటుంది కాబట్టి ఆర్మ్‌ను రెండో చేత్తో ఆనించి పట్టుకోవాలి. లేకపోతే బ్లేడు బదులు ఆర్మ్ చేతికొస్తుంది.